ఆకుపచ్చ కందిరీగ

ఫోనులో సెక్రటరీ అన్న మాట "పరువు". అత్తగారి కుడిచెవిలో దిగిన మాట "పరుపు". ఎడమచెవికి ఆనించి ఉంటే ఆ ఒక్క అక్షరం నిలబడేదేమో గాని, ఎడమచేతిలో పాలగిన్నె ఉంది.

"ఒరే పెద్దాడా, పరుపు పోయిందట," అని ఆవిడ మెట్ల మీంచి కేకేసింది.

మేడమీద ఇల్లు, కింద అచ్చుపని. కేక కిందికి దిగేలోపలే ఇల్లు రెండు దిక్కులకి పరుగెత్తింది. ఎండలో వేసిన పరుపు ఎవరో ఎత్తుకుపోయారనుకుని పెద్దకోడలు డాబా ఎక్కింది. పెద్దకొడుకు మాత్రం రంగు లాగే రబ్బరు బద్ద చేతిలో పట్టుకునే పీటమీద కూలబడ్డాడు. వాడి దృష్టిలో పరుపంటే మంచమ్మీదది కాదు, చొక్కామీదది. ఊరి ఫుట్‌బాల్ జట్టు కందిరీగలకి ఈ సీజన్లో చొక్కామీద పేరు వేయించుకున్నది ఒక పరుపుల కంపెనీ. స్పాన్సర్ అనడానికి నోరు తిరక్క అత్తగారు మొదట్నుంచీ వాళ్లని "పానుపు సారు" అంటూ వస్తోంది. కంపెనీవాళ్లకి కూడా ఆ పేరులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"పానుపు సారు పోయాడా? సెక్రటరీ సరిగ్గా ఏమన్నాడమ్మా?"

"మొత్తం పోయింది, ఇక ఊళ్లో తలెత్తుకోలేం అన్నాడ్రా."

"పరుపు పోతే తలకేం, అత్తయ్యా? తలగడ పోతే గాని," అంటూ పెద్దకోడలు డాబా దిగింది. "మన పరుపు పైనే ఉంది. దానిమీద కాకి రెట్ట కూడా ఉంది."

"పరువు," అన్నాడు మేస్త్రి.

రంగులగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఈ ఇంటి పెద్ద. కందిరీగల చొక్కామీద పడిన ప్రతి బొమ్మా ఆ చేతుల్లోంచి వెళ్లిందే. నిన్న సాయంత్రం నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"వాడన్నది పరువు. పరుపు కాదు."

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ఈ ఇంట్లో ఆ ఒక్క మాట మీద వారం రోజులు బతికేవాళ్లు.

*

నిన్నటి సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనుకోలేదు. అనుకోకపోయినా అది ఆరని రంగులా ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడ అంటుకుంటోంది.

కందిరీగల చొక్కా పసుపు. గుండెమీద కందిరీగ ముదురు గోధుమరంగు. దానికింద కంపెనీ పేరు కూడా అదే గోధుమరంగు. నిజానికి కంపెనీ రంగు ఆకుపచ్చ. కాని ఆకుపచ్చ, ఏటికి అవతలి జట్టు మిడతలది. మా చొక్కామీద గుండీ కుట్టిన దారం కూడా ఆకుపచ్చగా ఉండకూడదని క్లబ్బు భీష్మించుకు కూర్చుంది. ఎండాకాలమంతా బేరాలాడి, చివరికి కంపెనీయే దిగొచ్చి తన పేరుని పరాయి రంగులో వేయించుకోవడానికి ఒప్పుకుంది.

నిన్న ఆ మిడతలతోనే ఆట. ఆటగాళ్ల గదిలో కెప్టెన్ మూట విప్పాడు. పసుపు చొక్కామీద ఆకుపచ్చ కందిరీగ. దానికింద ఆకుపచ్చ పరుపు.

రెక్కలున్న ఆకుపచ్చ పురుగుని ఏమంటారో బడికెళ్లని పిల్లాడికైనా తెలుసు.

మరి అందాకా ఎవరూ చూడలేదా అంటే, చూడకూడదు. అది క్లబ్బు కట్టుబాటు. ఒకప్పుడు కొత్త బొమ్మ ముందే బయటికి పొక్కి, మిడతలవాళ్లు దాన్ని గాడిదకి తొడిగి మైదానం చుట్టూ తిప్పారు. అప్పట్నుంచి కొత్త చొక్కాల మీద బొమ్మ మేస్త్రి ఒక్కడే తలుపేసుకుని వెయ్యాలి. ఆరాక ఆయనే మడవాలి, ఆయనే నల్లగుడ్డలో మూట కట్టాలి, ముడిమీద ఆయనే లక్క వెయ్యాలి. కెప్టెన్ ఆ లక్క పగలగొట్టేదాకా ఇంకో కన్ను పడకూడదు. కన్ను పడకూడదని పెట్టుకున్న కట్టే నిన్న అందరి కళ్లూ పొడిచింది.

చొక్కాలు మార్చే దారి లేదు. పాతవన్నీ ఆటకి ముందే స్టాండులో అభిమానులకి పంచేశారు. కాళ్లకి చుట్టే తెల్లటేపు తెచ్చి ప్రతి గుండెమీదా అడ్డంగా అంటించారు. మొదటి సగం అంటుకునే ఉంది. రెండో సగంలో చెమటకి ఊడడం మొదలైంది. ఒక్కో టేపూ ఊడుతుంటే ఒక్కో మిడత బయటికి తొంగిచూసింది.

ఆ తరవాత గోల్ ఎన్ని, గోల ఎంత అనేది ఊరంతా చూసింది కాబట్టి మళ్లీ చెప్పే పని లేదు.

*

చిన్నకొడుకుని ఊళ్లో గోడ అంటారు. కందిరీగల గోల్‌కీపరు. ఆట అయ్యాక ఇంటికి రాకుండా క్లబ్బులోనే పడుకున్నవాడు ఇప్పుడు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా మార్చుకోలేదు. గుండెమీద టేపు సగం ఊడి వేలాడుతోంది. ఎడమ కనుబొమ మీద కుట్లు.

"మిడతలవాళ్లు కొట్టారా?" అన్నాడు పెద్దకొడుకు.

"వాళ్లెందుకు కొడతారు, గోల్స్ కొట్టుకునే పనిలో ఉంటే? నా వెనక స్టాండు మనదే. సీసా మనదే."

అత్తగారు పాలగిన్నె కింద పెట్టి కొంగుతో వాడి మొహం తుడవబోయింది. వాడు తల పక్కకి తిప్పుకున్నాడు.

"అది ఎక్కడ?"

అది అంటే ఎవరో అందరికీ అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. నిన్నటిదాకా పెళ్లాన్ని వాడు పిలిచే పిలుపు "బొమ్మలమ్మా". పెళ్లిచూపుల్లో ఆమె వాడి బొమ్మ గీసి చేతికిచ్చిందట. ఈ ఇంట్లో చొక్కాలకి బొమ్మలు గీసేది ఆమే. ఈ సీజను కందిరీగ ఆమెదే. కుట్టే పురుగు పరుపుమీద కూర్చుంటే చూసేవాడికి నిద్రెలా పడుతుందని కంపెనీవాళ్లు ముల్లు తీసెయ్యమన్నారు. కుదిరితే కందిరీగని వెల్లకిలా పడుకోబెట్టమన్నారు కూడా. ఆమె ముల్లుని పైకి తిప్పి, అక్షరాలకి దూరంగా జరిపి, కంపెనీ పరుపునీ కందిరీగ పరువునీ రెంటినీ గట్టెక్కించింది.

ఆ కందిరీగే ఇవాళ ఆమెని కుట్టడానికి వచ్చింది. ఎందుకంటే ఆమె తమ్ముడు ఈ సీజన్లోనే మిడతల్లో చేరాడు.

చిన్నకోడలు వెనకగది కంప్యూటరు దగ్గర్నుంచి లేచి వచ్చింది. మొదట కుట్లు చూసింది. తరవాత టేపు చూసింది.

"ఎన్ని పడ్డాయి, కుట్లు?"

"నీ తమ్ముడు కొట్టినవెన్నో అన్ని. చూశావా ఆట?"

"చూశాను."

"రెండోది కొట్టాక ఏం చేశాడో చూశావా? నా దగ్గరికొచ్చి, ఊడిపోతోంది బావా అని నా టేపు సవరించాడు. స్టేడియం మొత్తం చప్పట్లు. అంత దగ్గరగా వచ్చి, అంత మర్యాదగా."

"వాడు చేసింది తప్పు. నేను వాడితో రాత్రే చెప్పాను."

"ఓహో. రాత్రి మాటలు కూడా అయ్యాయన్నమాట." గోడ అన్నవైపు తిరిగాడు. "విన్నావా అన్నయ్యా? నేను క్లబ్బు బల్లమీద పడుకుంటే ఇక్కడ ఫోను మంతనాలు."

"తిట్టడానికి చేశాను."

"ఎవరికి అమ్ముడుపోయావు చెప్పు. తమ్ముడికా, వాళ్ల జట్టుకా?"

పెద్దకొడుకు గొంతు సవరించుకున్నాడు. వాడు గొంతు సవరించుకుంటే ఇంట్లో ఒక తీర్పు వస్తుందని అర్థం.

"అమ్మాయ్, తమ్ముడు ఆ జట్టులో చేరాడని తెలిసినప్పుడే ఈ సీజను రంగులగదిలోకి రావద్దన్నాను. అన్నానా లేదా?"

"అన్నారు, బావగారూ. అప్పట్నుంచి వెళ్లలేదు."

"నాన్న చేతిలో రంగు తప్పదు. నువ్వు వెళ్లి మూట మార్చకపోతే రంగెలా మారింది? ఊసరవెల్లి వచ్చి వేసిపోయిందా?"

"తాళం నా కొంగుకే ఉందిరా," అంది అత్తగారు. "ఈ చెవి నాది కాకపోయినా ఆ తాళంచెవి నాదే."

"నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తావమ్మా."

"కునుకు తీస్తే కొంగు తీస్తారా?"

"ఒకసారి ఆగు, అమ్మా." గోడ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "సెక్రటరీ వస్తున్నాడు. ఎవరు చేశారో పేరు చెప్పాలట. చెప్తే అచ్చుపని మన దగ్గరే ఉంటుంది, నేను జట్టులో ఉంటాను. చెప్పకపోతే రెండూ ఉండవు. పత్రికలవాళ్లు క్లబ్బు మెట్లమీద కూర్చున్నారు."

"పేరు చెప్పి ఊరుకుంటే చాలదు," అన్నాడు పెద్దకొడుకు. "ఇంట్లోనే పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు? పుట్టింటికి పంపెయ్యాలి. సెక్రటరీ వచ్చేసరికి మనం ఒక మాటమీద ఉండాలి."

"పంపడానికి అదేమైనా చొక్కాల మూట్రా, లక్క వేసి ఇవ్వడానికి?" అంది అత్తగారు. కాని ఆ గొంతులో బలం లేదు. చిన్నకొడుకు కనుబొమ మీంచి ఆవిడ చూపు కదలడంలేదు.

చిన్నకోడలు మామగారివైపు చూసింది. ఆ చూపు చాలాసేపు ఉంది.

మేస్త్రి తన గోళ్లలో ఇరుక్కున్న రంగు గీరుకుంటున్నాడు. లేచి గదిలోకి వెళ్లిపోయాడు.

*

ఆమె వెనకాలే వెళ్లింది. ఎవరూ ఆపలేదు. నేరం అంటగట్టేశాక ఇక నిషేధం దేనికనుకున్నారేమో.

థిన్నరు వాసన. కిటికీ దగ్గర బల్ల, దానిమీద కడిగి బోర్లించిన అచ్చు స్క్రీను. ఎదురుగా అల్మరా నిండా ఒకే రకం డబ్బాలు, ఒకే రకం మూతలు. ఏ డబ్బామీదా పేరు లేదు. పేరు చదివి రంగు తీసేవాడు మేస్త్రి కాదు, కాంపౌండరు అనేవాడాయన. పనివాళ్లు నవ్వేవాళ్లు. మూత తీసి చూసే అలవాటు కూడా ఆయనకి లేదు. చెయ్యి చాపితే కావలసిన రంగు చేతిలోకి వచ్చేది.

"తలుపు వెయ్యనా, మావయ్యగారూ?"

"వద్దు. వేస్తే దానికో కథ పుడుతుంది."

గొంతు తగ్గించుకుని మాట్లాడారు.

"అల్మరా అక్క సర్దినట్టుంది."

"నువ్వు రావడం మానేశాక గది తను చూసుకుంటానంది. దుమ్మంతా దులిపింది. పెద్ద డబ్బాలు వెనక్కి, చిన్నవి ముందుకి పెట్టింది. చాలా బాగుందమ్మా అన్నాను." మేస్త్రి నవ్వబోయి ఊరుకున్నాడు. "నిజంగానే బాగుంది, చూడ్డానికి."

"అప్పుడైనా అనుమానం రాలేదా?"

"వచ్చింది. పాత వరసలోనే పెట్టావా అని అడిగాను. అలాగే పెట్టాను మావయ్యా అంది. తన లెక్కలో అది అలాగే." ఆయన చెయ్యి గాలిలో లేచి, చూడకుండానే అల్మరా పైవరసలో ఒక డబ్బామీద వాలింది. "ఇక్కడే కదా గోధుమరంగు ఉండేది?"

చిన్నకోడలు మూత తీసింది. "ఇది పరుపు సంచులమీద కంపెనీ పేరు వెయ్యడానికి కలిపిన ఆకుపచ్చ. మీ చేత్తోనే కలిపారు. నేను పక్కనున్నాను."

ఆయన డబ్బాలోకి వంగి చూశాడు. కిటికీ వైపు తిప్పి చూశాడు. మళ్లీ మూత పెట్టేశాడు.

"నువ్వుంటే అనేదానివి. ఇదిగోండి మావయ్యా, గోధుమరంగు అని. నేనేమో తెలుసులేవే అనేవాణ్ణి."

"మీరడగలేదు, నేను చెబుతున్నట్టు అనిపించనివ్వలేదు. అలా జరిగిపోయింది." "ఎవరికీ చెప్పనని మీకు మాటిచ్చాను. ఇప్పుడు కూడా చెప్పను. మీరు చెప్పాలి."

"చెప్తే ఈ గదికి తాళం వేసేస్తారు తల్లీ. కళ్లు పోయిన మేస్త్రిని పెట్టుకుని రంగులపని ఎవరిస్తారు?"

"చెప్పకపోతే నన్ను పంపేస్తారు."

బయట పెద్దకొడుకు ఫోనులో ఎవరికో నచ్చచెబుతున్నాడు. అన్ని మాటల్లో "ఇంటిదొంగ" ఒక్కటే స్పష్టంగా లోపలికి వచ్చింది.

మేస్త్రి స్క్రీను అంచు తడుముతూ అన్నాడు. "కొన్నాళ్లు వెళ్లిరా. గొడవ చల్లారనీ. నేనే వచ్చి తీసుకొస్తాను. నామీద నమ్మకం లేదా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇంట్లో మిగతావాళ్లందరూ అన్న మాటలకి రాని మార్పు ఇప్పుడు ఆమె మొహంలో వచ్చింది.

"ఏ రంగు బస్సు ఎక్కి వస్తారు, మావయ్యగారూ?"

అనేసింది. అన్నాక తనే ఉలిక్కిపడింది. క్షమించండి అనడానికి నోరు తెరిచేలోపల బయట సెక్రటరీ గొంతు వినిపించింది.

*

సెక్రటరీ పొడుగ్గా, సన్నగా, పనికిరాని కార్నర్ జెండా కర్రలా ఉంటాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పొద్దున్న ఫోనులో పరువు పోయిందన్నాను. ఆ తరవాత పరుపు కూడా పోయింది," అన్నాడు. "కంపెనీవాళ్లు వదిలేశారు. రంగు మార్చమన్నారు, మార్చాం, చివరికి పేరుమీదే టేపు వేశారు, ఇంక మాకెందుకు మీ చొక్కా అన్నారు."

"నేను సరిగ్గానే విన్నాను," అంది అత్తగారు, ఎవరికీ కాకుండా.

"ప్రెసిడెంటుగారికి మేస్త్రిగారి మీద మాత్రం ఇంకా నమ్మకం ఉంది. అది ముందు చెప్పమన్నారు." సెక్రటరీ గొంతు కొంచెం మెత్తబడింది. "వచ్చే ఆటకి కొత్త చొక్కాలు కావాలి. ఎవరి పేరూ లేకుండా, కందిరీగ ఒక్కటే. ఎప్పటిలాగే మేస్త్రిగారే రంగు కలిపి, తలుపేసుకుని, ఆయన చేత్తోనే వెయ్యాలి. కాని ఆ గదిలోకి దూరినవాళ్లెవరో మాకు తెలియాలి. తెలిసినట్టు పదిమందికీ తెలియాలి."

పెద్దకొడుకు తమ్ముడివైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు. గోడ నేల చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు.

"మా మరదలు," అన్నాడు పెద్దకొడుకు. "ఆమె తమ్ముడు ఆ జట్టులో ఉన్నాడు. ఇవాళే పంపించేస్తున్నాం."

"ఏమ్మా, నిజమేనా?"

"నేను చెయ్యలేదు."

"మరి ఎవరు?"

ఆమె చూపు రంగులగది గుమ్మం వైపు వెళ్లి తిరిగొచ్చింది.

"చెయ్యనివాళ్లు ఎవరు చేశారో చెప్తారు, లేదా తెలీదంటారు. నువ్వు రెండూ అనడంలేదు."

"అననండి."

"వింటున్నావా?" అన్నాడు గోడ. ఆ గొంతు కోపం దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. "ఒక్కసారి తెలీదను. అబద్ధమైనా అను. నేను పట్టుకుని వేలాడతాను."

ఆమె ఆ మాట కూడా అనలేదు. పెద్దకోడలు మెల్లిగా వెళ్లి ఆమె భుజంమీద చెయ్యి వేసి, "పద, బట్టలు తీసుకుందాం," అంది. దయగానే అంది.

మేస్త్రి రంగులగది గుమ్మం దాటి వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా వచ్చి చిన్నకొడుకు ముందు గొంతుకూర్చుని, వాడి గుండెమీద వేలాడుతున్న టేపు పట్టుకుని లాగేశాడు.

"ఇది ఏం రంగు?" అని సెక్రటరీని అడిగాడు.

"మేస్త్రిగారూ, ఎగతాళికి ఇది వేళ కాదు."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"నీకు?"

"ఆకుపచ్చే నాన్నా," అన్నాడు పెద్దకొడుకు.

"నీకమ్మా?"

పెద్దకోడలు తలూపింది. ఆకుపచ్చే అని గొణిగింది.

"నాకు గోధుమరంగు," అన్నాడు మేస్త్రి. "వేసినప్పుడూ గోధుమరంగే. మూట కట్టినప్పుడూ అదే. ఇప్పుడు మీరంతా చెప్పాక, ఇంత దగ్గర్నుంచి, ఇంత వెలుతురులో చూస్తున్నాను. ఇప్పుడు కూడా నాకు గోధుమరంగే కనిపిస్తోంది."

రోడ్డుమీద ఏదో లారీ వెనక్కి వస్తూ చేసే కూత చాలాసేపు వినబడింది.

"రెండేళ్లయింది. ముందు ఎరుపు పోయింది, తరవాత ఆకుపచ్చ పోయింది. మిగిలినవి కూడా ఉన్నట్టే ఉండి జారుకుంటున్నాయి. ఏ డబ్బా ఎక్కడుందో చేతికి తెలుసు కాబట్టి నెట్టుకొచ్చాను. చేతికి తెలియనప్పుడు, తలుపేసుకోకముందే ఈ పిల్ల పక్కనుండి చెప్పేది. నేను అడక్కుండానే చెప్పేది, నాకు తెలుసన్నట్టు చెప్పేది. పెద్దాడా, ఈ సీజను ఆ గదిలోకి దొంగ రాకూడదని తలుపేశావు. నా కళ్లు బయట ఉండిపోయాయి."

"అయితే నేను ఆ డబ్బాలు..." పెద్దకోడలు చెయ్యి చిన్నకోడలి భుజంమీంచి జారిపోయింది. "నేను సర్దినందుకా, మావయ్యా?"

"నువ్వు దుమ్ము దులిపావు. నా బండారం బయటపడింది. నీ తప్పేమీ లేదు."

"ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా నాన్నా," అన్నాడు పెద్దకొడుకు. వాడి మొహంలో రంగు మారడం అందరికీ కనిపించింది, ఒక్కరికి తప్ప. "ఆ పిల్లని లోపలికి రానివ్వరా అంటే నేను కాదనేవాణ్ణా?"

"ఎందుకని అడిగేవాడివి. అదే భయం." మేస్త్రి నేలమీద చెయ్యి ఆనించి లేవబోయి, లేవలేక అలాగే కూర్చున్నాడు. "ఇంకోటి కూడా ఉంది. ఇందాక లోపల దీన్ని పుట్టింటికి వెళ్లిరమ్మన్నాను. నేను నోరు మూసుకుంటానని, తను నోరు మూసుకోవాలని. అదీ చెప్పెయ్యాలి. మిగతాది చెప్పి అది దాస్తే మళ్లీ రంగు పూసినట్టే."

అత్తగారు ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూస్తోంది. "ఏమంటున్నారు? ఏ రంగంటున్నారు? నాక్కాస్త ఎవరైనా చెప్పండర్రా."

పెద్దకోడలు ఆవిడ ఎడమచెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పింది. మావయ్యగారికి రంగులు తెలియడంలేదు అత్తయ్యా. డబ్బాలు నేను మార్చాను. గోధుమరంగనుకుని ఆయనే ఆకుపచ్చ వేశారు. చెల్లాయి చెయ్యలేదు. చెల్లాయి ఏమీ చెయ్యలేదు.

ఆవిడ మొగుడివైపు తిరిగింది.

"ఏవండీ, మొన్న కొత్తచీర కట్టుకుంటే బాగుందన్నారు."

"బాగుంది."

"ఏం రంగది?"

ఆయన ఆవిడ కట్టుకున్న చీరవైపు చూశాడు. అదే చీరో కాదో కూడా తేల్చుకోలేకపోయాడు.

సెక్రటరీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. విప్పాడు. "బయట ఏం చెప్పమంటారు, మేస్త్రిగారూ?"

"విన్నదే చెప్పండి."

"చెప్తే ఇక ఏ జట్టూ మీ గుమ్మం తొక్కదు. మేం కూడా..."

"తెలుసు. అందుకే పొద్దున్నుంచి ఆలస్యం చేశాను."

సెక్రటరీ వెళ్లిపోయాడు. వెళుతూ గుమ్మం దగ్గర చిన్నకోడలికి చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆమె చూసినట్టు లేదు.

గోడ లేచి నిలబడ్డాడు. టేపు లేని ఆకుపచ్చ కందిరీగ వాడి గుండెమీద ముల్లు పైకెత్తి ఉంది. పెళ్లానికి ఎదురుగా వెళ్లాడు గాని మరీ దగ్గరికి వెళ్లలేదు.

"నీకు ముందే తెలుసు."

"ఎలా జరిగి ఉంటుందో తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు? మిగతావాళ్లకి వద్దు. నాకు."

చిన్నకోడలు వాడి కనుబొమ మీది కుట్లు మరోసారి చూసింది.

"మీరడిగింది ఎవరికి అమ్ముడుపోయావని," అంది. "ఏం జరిగిందని అడగలేదు."

ఆమె మెట్లెక్కింది. పైన గది తలుపు పడింది. తరవాత బీరువా తెరిచిన చప్పుడు. సర్దుకోవడానికో, సర్దుకుపోవడానికో కింద ఎవరికీ తెలియలేదు. వెళ్లి అడిగే మొహం కూడా ఎవరికీ లేదు.